ఒట్టి చేతుల బొమ్మలాట

బొమ్మ లేకుండా ఆడే బొమ్మలాట ఇది. తోలు, కొయ్య, గుడ్డ, దారం ఏవీ అక్కర్లేదు. ఆడించేవాడి చెయ్యే పాత్ర. మహా అయితే వేళ్ళ మీద రెండు గుండ్రటి కళ్ళు, ఒక టోపీయో జడక్లిప్పో ఉంటాయి. బొటనవేలు కింది దవడ, మిగిలిన నాలుగు వేళ్ళు పై దవడ, మణికట్టు మెడ, అక్కణ్ణుంచి మోచేతి దాకా ఉన్నదంతా ఒళ్ళు. పిల్లల టెలివిజన్‌లో ఈ పద్ధతికి పేరు తెచ్చింది అమెరికాలో 2000లో మొదలైన ‘ఊబీ’ కార్యక్రమం. అందులో ఊబీ పాత్రను ఆడించినవాడు టిమ్ లగాస్. కార్యక్రమం ఈ శతాబ్దానిదే గాని, చేతిని మనిషిగా, జంతువుగా చూపించే విద్య చాలా పాతది. అది గోడ మీద నీడగా, సంగీతశాలల్లో వినోదంగా, మన కృష్ణా జిల్లాలో నాట్యంగా ఎన్నో రూపాల్లో బతికింది.

దీన్ని దగ్గరి చుట్టాల నుంచి వేరుచేసి చూడాలి. తోలుబొమ్మలాటలో ప్రేక్షకుడు చూసేది తెర మీద పడిన రంగుల నీడని, ఆడించే చెయ్యి కనబడదు. చేతితొడుగు బొమ్మలో చెయ్యి గుడ్డ లోపల దాక్కుంటుంది. చేతి నీడల ఆటలో చెయ్యి వెలుగుకు అడ్డం మాత్రమే, బొమ్మ గోడ మీద పుడుతుంది. ఒట్టి చేతుల ఆటలో దాపరికమే లేదు. చర్మం, గోళ్ళు, నరాలు అన్నీ కనబడుతూనే ఉంటాయి. ఇది చెయ్యి అని చూసేవాడికి తెలుసు, తెలిసి కూడా అది మాట్లాడుతుంటే వింటాడు. ఈ కళలో పట్టు అంతా అక్కడే ఉంది.

చూపు, నోరు

బొమ్మకు ప్రాణం వచ్చేది ముందు చూపు వల్ల. జిమ్ హెన్సన్ బృందానికి మపెట్ అనే టెలివిజన్ బొమ్మల్ని తయారుచేసిన డాన్ సాలిన్ రెండు కళ్ళకూ ముక్కుకూ మధ్య దూరాన్ని ఒక త్రిభుజంగా లెక్కవేసి అమర్చేవాడు. నల్లగుడ్లు కొద్దిగా లోపలికి ఉంటేనే బొమ్మ ఒకచోటికి చూస్తున్నట్టుంటుంది, ఎడంగా ఉంటే ఎటూ చూడనట్టుంటుంది. ఒట్టి చేతికి ముక్కు లేదు, కనుబొమలు లేవు, అందుకే కళ్ళ అమరిక మరీ ముఖ్యం. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు మణికట్టును నిటారుగా ఉంచడం. అప్పుడు పాత్ర ఎదుటివాడితో మాట్లాడుతూ ఆకాశం చూస్తుంటుంది. మణికట్టు ముందుకు బాగా వంగితే తప్ప చూపు మనుషుల ఎత్తుకు దిగదు. ఆ వంపును గంటల తరబడి నిలపడమే ఈ పనిలో మొదటి కష్టం.

రెండోది నోరు. మాట్లాడించమంటే అందరికీ ముందు నాలుగు వేళ్ళూ పైకెత్తాలని అనిపిస్తుంది. అలా చేస్తే మాట మాటకూ పాత్ర తల వెనక్కి ఎగురుతుంది, చూపు చెదురుతుంది. అసలు పద్ధతి దీనికి తలకిందులు: పైవేళ్ళు దాదాపు కదలకుండా ఉండాలి, బొటనవేలే కిందికి దిగాలి. మనిషి మాట్లాడేటప్పుడు కదిలేది కింది దవడే కదా. ఇంకో తప్పు, అక్షరం పలికే క్షణంలో నోరు మూయడం. అప్పుడు పాత్ర మాటల్ని పలకడం మాని మింగుతున్నట్టుంటుంది. ధ్వని వచ్చేటప్పుడు తెరుచుకోవాలి, ఆగినప్పుడు మూసుకోవాలి.

ఈ విషయంలో తెలుగు ఆడించేవాడికి కలిసొచ్చే భాష. మన అక్షరాల్లో దాదాపు ప్రతిదానికీ అచ్చు ఉంటుంది, మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. ‘అమ్మా’ అంటే బొటనవేలు రెండుసార్లు దిగుతుంది, రెండోసారి కాసేపు అక్కడే నిలుస్తుంది. ‘తాతయ్యా’ అంటే మూడుసార్లు. ఎంతసేపు తెరిచి ఉంచాలో లఘువు, గురువు చెప్పేస్తాయి. ఛందస్సు చదివినవాడికి వేళ్ళు తొందరగా అలవాటు పడతాయని ఈ వ్యాసకర్త నమ్మకం. అయితే గబగబా మాట్లాడే పాత్రకు ప్రతి అక్షరానికీ నోరు తెరిపిస్తే అది రెపరెపలాడుతుంది. అక్కడ ఊనిక పడే అక్షరాలను ఏరుకుని, మిగతావాటిని మూసీమూయని నోటితో దాటించాలి. వినే పాత్ర పని దీనికన్నా కష్టం. మాట లేదు, నోరు కదలదు, అయినా వింటున్నట్టు కనబడాలి. అందుకు మణికట్టులో ఊపిరి తీసినంత సన్నటి కదలిక చాలు. అది ఆగిందా, పాత్ర మళ్ళీ ఉత్త చెయ్యి అయిపోతుంది.

టెలివిజన్ చట్రం

రంగస్థలం మీద ఒట్టి చెయ్యి చిన్నది. పది వరసలు దాటితే కళ్ళు కనబడవు. తెరకు ఆ ఇబ్బంది లేదు. కెమెరా దగ్గరికొస్తే అరచెయ్యి తెర మొత్తం నిండుతుంది. ఈ సంగతిని బొమ్మలాటకు గట్టిగా వాడుకున్నవాడు జిమ్ హెన్సన్. 1955లో వాషింగ్టన్‌లో ఆయన మొదలుపెట్టిన ‘శామ్ అండ్ ఫ్రెండ్స్’ అనే అయిదు నిమిషాల కార్యక్రమంలో బొమ్మలాట పందిరిని తీసేసి, టెలివిజన్ చట్రాన్నే పందిరిగా పెట్టుకున్నాడు. చట్రం కింది అంచు దిగువన మనిషి ఎక్కడైనా ఉండొచ్చు. కెర్మిట్ అనే కప్పబొమ్మ తొలిరూపం కూడా అప్పటిదే: అమ్మ పాత కోటు గుడ్డ, పింగ్‌పాంగ్ బంతిని రెండుగా కోసిన కళ్ళు. 1969 నవంబరు 10న మపెట్ బొమ్మలతో ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల కార్యక్రమం మొదలయ్యాక ఈ పద్ధతి ప్రపంచమంతటా పిల్లల కార్యక్రమాలకు వాడుక అయింది.

ఆడించేవాళ్ళు తమ చేతిని చూడరు, నేల మీద పెట్టిన మానిటర్‌ని చూస్తారు. ప్రేక్షకుడికి కనబడే బొమ్మే అక్కడ కనబడుతుంది. చిక్కేమిటంటే అది అద్దం కాదు. అద్దంలో చెయ్యి కుడికి జరిపితే ప్రతిబింబమూ అటే జరుగుతుంది. మానిటర్‌లో కెమెరాకు ఎదురుగా నిలబడ్డవాడు తన కుడికి జరిపితే పాత్ర తెర మీద ఎడమకు పోతుంది. అద్దం ముందు సాధన చేసి వచ్చినవాళ్ళు ఇక్కడ తికమకపడతారు. దీనికితోడు చెయ్యి తలకు పైన ఎత్తి పట్టుకోవాలి. సెట్టు ఎత్తుగా కడితే నిలబడి, లేకపోతే మోకాళ్ళ మీదో చక్రాల పీటల మీదో ఆడించాలి. నెత్తురు కిందికి దిగి చెయ్యి చల్లబడుతుంది, భుజం పట్టేస్తుంది. గుడ్డబొమ్మ లోపల చెయ్యి అలిసిపోయినా బొమ్మ మొహం మారదు. ఒట్టి చేతికి ఆ రక్షణ లేదు, వణుకు పాత్ర మొహంలోనే కనబడిపోతుంది. గోళ్ళు, చిన్న గాటు, ఉంగరం తీసిన మచ్చ అన్నీ అలంకరణలో భాగమే అవుతాయి.

మపెట్ తరహా బొమ్మలు ఆడించడం నేర్చుకునేవాళ్ళు ముందు ఒట్టి చేత్తోనే నోరు కలపడం సాధన చేస్తారు. ఆ సాధనలో కనబడే చేతులనే నేరుగా తెర మీదికి తెస్తే ఎలా ఉంటుందన్న ఆలోచనలోంచే ఊబీ పుట్టింది.

చేతినే నమ్ముకున్నవాళ్ళు

చేతి నీడల మీద హెన్రీ బర్సిల్ అనే ఆంగ్ల చిత్రకారుడు 1859లో బొమ్మలతో ఒక పుస్తకం వేశాడు. లేడి, కుక్క, పక్షి ఏ వేళ్ళు ఎలా ముడిస్తే వస్తాయో అందులో చూపించాడు. కరెంటు పోయిన రాత్రుల్లో లాంతరు ముందు మన ఇళ్ళల్లో గోడ మీద పరుగెత్తిన జింకలూ కుక్కలూ దాదాపు అవే. ఏ పుస్తకమూ చూడకుండానే అవి ఇంటింటికీ వచ్చాయి. ఈ ఆటను వేదిక ఎక్కించి డబ్బు గడించిన ఫ్రెంచి కళాకారుడు ఫెలీసియాన్ ట్రూయీ (1848–1920). ఆయన లూమియేర్ సోదరులకు స్నేహితుడు, వాళ్ళ తొలి చిత్రాల్లో నటించాడు. 1896 ఫిబ్రవరిలో లండన్‌లో వాళ్ళ సినిమా యంత్రాన్ని ప్రదర్శించినవాడు కూడా ఆయనే. చేత్తో నీడలు ఆడించినవాడే నీడలు వాటంతటవే ఆడే యంత్రాన్ని జనానికి పరిచయం చేశాడు. మన దేశంలో ఈ విద్యకు కోల్‌కతాలో అమర్ సేన్, సవ్యసాచి సేన్, కర్ణాటకలో ప్రహ్లాద్ ఆచార్య పేరు తెచ్చుకున్నారు.

నీడ నుంచి చేతికే వచ్చినవాళ్ళలో అందరికన్నా సరదా అయినవాడు స్పెయిన్‌లో పుట్టిన సెన్యోర్ వెన్సెస్ (1896–1999). నూటమూడేళ్ళు బతికాడు. పిడికిలి బిగించి, బొటనవేలి మీదా చూపుడువేలి మీదా పెదవులు గీసి, కళ్ళు పెట్టి, పైన ఒక విగ్గు తగిలించి, కింద బొమ్మ ఒళ్ళు వేలాడదీస్తే ‘జానీ’ అనే గడుగ్గాయి తయారయ్యేవాడు. బళ్ళో రాని పిల్లవాడి గొంతుతో హాజరు పలికినందుకు పంతులుగారు సిరాబుడ్లు కడిగే శిక్ష వేస్తే, ఆ సిరాతోనే పిడికిలికి మొహం గీశానని ఆయన చెప్పేవాడు. గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకుండా మాట్లాడే విద్య ఆయనది. ఎడ్ సలివాన్ టెలివిజన్ కార్యక్రమంలో ప్రేక్షకులు ఆయన్ని ఎన్నోసార్లు చూశారు. తెర మీద జానీ ముందు అర నిమిషం పిడికిలి, తర్వాత ఇక పిల్లవాడే. మొహం గీయడం కూడా ప్రేక్షకుల ఎదుటే జరిగేది. రహస్యం విప్పి చూపించాక కూడా నమ్మించడం మామూలు ధైర్యం కాదు. పిల్లల కోసం చేసిన పని కాకపోయినా, ఊబీకి అసలైన తాతయ్య ఆయనేనని నాకనిపిస్తుంది.

రష్యాలో సెర్గీ ఒబ్రజ్త్సోవ్ (1901–1992) ఇంకో దారి పట్టాడు. 1931లో మాస్కోలో కేంద్ర బొమ్మలాట రంగశాలను స్థాపించిన ఈ నటుడు చూపుడువేలి కొసన ఒక కొయ్య బంతిని గుచ్చి, మిగతా చేతిని ఒట్టిగానే ఉంచి, రెండు చేతులతో ప్రేమికుల జంటను ఆడించేవాడు. బంతికి కళ్ళూ ముక్కూ ఉండవు. సిగ్గు, బెట్టు, దగ్గరవడం అన్నీ వేళ్ళ వల్లే తెలియాలి. ఫ్రాన్స్‌లో ఈవ్ జోలీ (1908–2013) రెండో ప్రపంచయుద్ధం తర్వాత పారిస్ సంగీతశాలల్లో బొమ్మల్ని పక్కనబెట్టి చేతులనే పాత్రలుగా చేసిన ప్రదర్శనలు ఇచ్చాడు. పెరూ దేశపు హ్యూగో, ఇనెస్ దంపతుల బృందం 1980లలో మొదలై మోకాలు, పాదం, పొట్ట కూడా మొహాలు చేసేసింది.

ఊబీ

రూపకర్త జాష్ సెలిగ్. చిన్నప్పుడు ‘సెసమీ స్ట్రీట్’లో కనిపించినవాడు, పెద్దయ్యాక అదే కార్యక్రమానికి రాసినవాడు. తన సంస్థ లిటిల్ ఎయిర్‌ప్లేన్ తరఫున నాగిన్ అనే పిల్లల చానల్‌కు ముందు చిన్న చిన్న ముక్కలుగా ఊబీని తీశాడు. 2003 నుంచి 2005 దాకా పూర్తి నిడివి భాగాలు వచ్చాయి. కథ సాదా. ఊబీ, వాడి చెల్లెలు ఊమా, స్నేహితుడు కాకో, ఇంట్లో తాత గ్రాంపూ. ఊమాను స్టెఫనీ డబ్రూజో, కాకోను టైలర్ బంచ్, గ్రాంపూను నోయెల్ మక్‌నీల్ ఆడించారు. తాత పిల్లలకు వండిపెడతాడు, విసుక్కుంటాడు, పాట నేర్పుతాడు. అమ్మానాన్నలు కనబడరు. తెలుగింట్లో పెరిగినవాడికి ఈ తాత కొత్తగా అనిపించడు.

ఇందులో పాత్రలు పూర్తి వాక్యాల్లో మాట్లాడవు. అప్పుడప్పుడే మాటలు కూర్చుతున్న పిల్లల్లాగా రెండు మూడు మాటలతో సరిపెడతాయి. దీనివల్ల పిల్లలకు తప్పు భాష వస్తుందని కొందరు పెద్దలకు బెంగ ఉండొచ్చు. నిజానికి ఆ చిన్న వాక్యాలు చేతికి కుదురుతాయి. ఒట్టి చేతి నోరు పొడుగాటి వాక్యం మోయలేదు. మూడేళ్ళ పిల్లవాడి నోరూ అంతే. పాత్రా ప్రేక్షకుడూ ఒకే చోట తడబడతారు.

అంతకన్నా పెద్ద లాభం ఇంకొకటుంది. చిలకనో ఎలుగుబంటినో చూసిన పిల్లవాడు అలాంటి బొమ్మ కొనిపెట్టమంటాడు. ఊబీని చూసినవాడు తన చెయ్యి చూసుకుంటాడు. టెలివిజన్ కట్టేశాక కూడా పాత్ర వాడితోనే ఉంటుంది, ఒక్క పైసా ఖర్చు లేదు. బొమ్మలు అమ్ముకునే వ్యాపారానికి ఇది అంత కలిసొచ్చే సంగతి కాదు, అది వేరే మాట. ఇరాన్‌లో ఇదే పద్ధతిలో, అక్కడి ఇళ్ళకూ మాటలకూ తగ్గట్టు మార్చి, ఇంకో కార్యక్రమం తీశారు. పాత్రలు చర్మం తప్ప వేరే వేషం లేనివి కాబట్టి, దేశం మారేటప్పుడు మార్చాల్సింది టోపీలూ సెట్టూ మాటలూ మాత్రమే.

కృష్ణా తీరం నుంచి చూస్తే

విజయవాడలోని పటమట నుంచి బందరు రోడ్డు పట్టుకుని కంకిపాడు, ఉయ్యూరు దాటి పామర్రు దగ్గర చల్లపల్లి వైపు తిరిగితే కూచిపూడి. విజయవాడకు అరవై కిలోమీటర్ల లోపు దూరంలో, చేతికి ఇంత పెద్ద వ్యాకరణం నేర్పే ఊరు ఉందన్న సంగతిని బొమ్మలాట గురించి రాసేవాళ్ళు సాధారణంగా పట్టించుకోరు. నందికేశ్వరుడి అభినయదర్పణం ఒంటిచేతి ముద్రలు 28 చెబుతుంది. రెండు చేతులు కలిపి పట్టేవి వేరే ఉన్నాయి. వాటిలో జంతువులే చాలా. మధ్యవేలు, ఉంగరపువేలు బొటనవేలికి తాకించి మిగతా రెండు నిలబెడితే సింహముఖం. గోడ మీద నీడ పడితే పిల్లలు దాన్నే కుక్క అంటారు. అరచెయ్యి కొద్దిగా దొన్నెలా వంచితే సర్పశీర్షం. మత్స్యం, కూర్మం, వరాహం, గరుడం రెండు చేతులవి. ఊబీ నోటికి అచ్చంగా సరిపోయేది సందంశం: వేళ్ళు మళ్ళీ మళ్ళీ కలిసి విడిపోయే ముద్ర.

ఈ శాస్త్రానికి డెల్టాతో ఇంకో బంధం ఉంది. 1253–54 ప్రాంతంలో నృత్తరత్నావళి రాసిన జాయప సేనాని కాకతీయ గణపతిదేవుడి సేనాపతి, దివిసీమను ఏలిన అయ్య వంశంవాడు. అంటే చేతి కదలికల గురించి తెలుగువాడు రాసిన ఆ సంస్కృత గ్రంథానికి మూలాలు కృష్ణ సముద్రంలో కలిసే చోటే ఉన్నాయి.

పోలిక ఉన్నా తేడా చిన్నది కాదు. చెయ్యి ఎటు పోతే చూపు అటు పోవాలన్నది నాట్యసూత్రం. నర్తకి కళ్ళే చేతికి అర్థం ఇస్తాయి. సత్యభామ చేతిలో జడ లేకపోయినా ఆమె దాన్ని చూస్తున్న తీరు వల్లే మనకు జడ కనబడుతుంది. ఒట్టి చేతి బొమ్మలాటలో చూపు చేతికే చేరిపోతుంది, ఆడించేవాడి కళ్ళు మానిటర్ మీద ఉంటాయి, ఆయన మొహాన్ని ఎవరూ చూడరు. కూచిపూడిలో చెయ్యి మాట, ఇక్కడ చెయ్యి మనిషి. ముద్రలు వచ్చినవాళ్ళకు వేళ్ళ మీద అదుపు ముందే ఉంటుంది. చూపును మొహంలోంచి తీసి మణికట్టులో పెట్టడం మాత్రం కొత్తగా నేర్చుకోవాలి.

తోలుబొమ్మలాట దగ్గర నేర్చుకోవలసింది గొంతు. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు పత్రికలు ఎక్కువగా తోలు, రంగులు, చెక్కడం గురించి రాశాయి. ఆటలో జనాన్ని కట్టిపడేసేది మాత్రం ఒకే బృందం పాడే పద్యాలు, మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి చేసే రగడ. రామాయణం ఆగి, ఊళ్ళో సంగతులు తెర మీదికి వస్తాయి. పిల్లలు నిద్ర లేచేది అప్పుడే. ఒట్టి చేతికి కావలసింది కూడా అలాంటి పాత్రే. గంభీరమైన రాముణ్ణి అయిదు వేళ్ళతో ఎవరూ నమ్మరు, పోలిగాణ్ణి వెంటనే నమ్ముతారు.

తెలుగు పిల్లలకు ప్రసార మాధ్యమాల్లో మొదట దక్కింది బొమ్మ కాదు, గొంతే. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఆకాశవాణిలో రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లల కార్యక్రమాలు నడిపారు, 1945లో ‘బాల’ పత్రిక పెట్టారు. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. టెలివిజన్ తెలుగు పల్లెకు వచ్చింది ఉపగ్రహ బోధన ప్రయోగంతో. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాల్లో, ఆంధ్రప్రదేశ్‌తో సహా, పొద్దున బడిపిల్లలకు వాళ్ళ భాషలోనే కార్యక్రమాలు వేశారు. 2006లో హిందీలో ‘గల్లీ గల్లీ సిమ్ సిమ్’ మపెట్ పద్ధతిలో వచ్చింది. బడి యూనిఫాంలో ఉండే చమ్కీ, సింహం బూంబా దాని పాత్రలు. అవి గుడ్డబొమ్మలు, తయారీకి కార్ఖానా, నైపుణ్యం, డబ్బు కావాలి. ఒట్టి చేతికి ఆ ఖర్చేదీ లేదు. ఒక స్థానిక చానల్ స్టూడియోలో ఒక బల్ల, ఒక కెమెరా, ఒక మానిటర్ ఉంటే చాలు. కావలసిన అసలు పెట్టుబడి సాధన చేసిన మనిషి.

బళ్ళో, ఇంట్లో

ఈ ఆట తొలిపాఠం తెలుగు పిల్లలకు మాటలు రాకముందే మొదలవుతుంది. పాప అరచేతిలో పప్పు వండినట్టు తిప్పి, ఒక్కొక్క వేలికీ ముద్ద పెట్టి, రెండు వేళ్ళను కాళ్ళలా నడిపిస్తూ మోచెయ్యి మీదుగా చంకలోకి చేర్చి చక్కిలిగింత పెట్టే ఆట నాయనమ్మలందరికీ వచ్చు. అక్కడ నడిచేది వేళ్ళు కాదు, ఎవరో వస్తున్నారు. ఆ వచ్చేవాడి కోసం పాప ఊపిరి బిగబట్టి చూస్తుంది.

కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం 1979 నుంచి ఉపాధ్యాయులకు నేర్పే విద్యల్లో బొమ్మలాట ఒకటి. హైదరాబాద్‌లో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. తరగతిలో ఒట్టి చెయ్యి గుడ్డబొమ్మ కన్నా తొందరగా పనికొస్తుంది. పంతులమ్మ చేతిలో సుద్దముక్క పక్కన పెడితే పాత్ర సిద్ధం. నలుగురి ముందు నోరు విప్పని పిల్లవాడు తన చేతి చేత మాట్లాడించడం తరచూ కనబడే సంగతే. తప్పు చెప్పినా చెప్పింది చెయ్యి కాబట్టి సిగ్గు ఉండదు. లెక్కల పాఠానికి మాత్రం ఈ పద్ధతి తేలిపోతుంది. అయిదు వేళ్ళూ మొహంగా మారిపోయాక పిల్లలు లెక్కపెట్టడానికి వేళ్ళు మిగలవు.

కళ్ళకు అంగడి సరుకు అక్కర్లేదు. రెండు తెల్లటి బొత్తాలు దారంతో ఉంగరంలా కట్టి మధ్యవేలికి తొడగవచ్చు. అంతకన్నా సులువు, ఇంట్లో అద్దానికి అంటించి ఉండే స్టిక్కర్ బొట్లు. నల్లవి రెండు, చూపుడువేలి మీద ఒకటి, ఉంగరపువేలి మీద ఒకటి, కాస్త లోపలివైపుకు. మధ్యవేలు కొద్దిగా ముందుకు వస్తే ముక్కు కూడా వస్తుంది. నెమ్మదిగా మాట్లాడే చిన్న సంభాషణతో మొదలుపెట్టి, ఒక్కో ఆటను రెండు మూడు నిమిషాలకు మించనివ్వకపోతే పిల్లల భుజాలు నొప్పెట్టవు. బెజవాడ మే నెల చెమటకు స్టిక్కర్ బొట్టు వేలి మీద నిలవదు. అప్పుడు స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టుకోవాలి, అవి చెరిగేలోగా ఆట ముగించాలి.